మిషన్ బెల్టు బాకీ

తేది పద్నాలుగు, సోమవారం, మధ్యాహ్నం.
అయిన పనులు: రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. బియ్యం డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో బోర్లించాను. మీ నాన్న చొక్కాకి రెండు గుండీలు కుట్టాను. కాని పని: కిటికీ అద్దాలు. అవి రేపు.

చిరంజీవి చిన్నోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ ముగ్గురం బాగున్నాం. కోడలి కడుపులో ఉన్న నాలుగో మనిషి కూడా బాగున్నట్టు మొన్ననే డాక్టరమ్మ చెప్పింది. ఆ కొండల్లో ఫోను పలకదు కాబట్టి అన్నీ కాగితం మీదే చెప్పుకోవాల్సి వస్తోంది. వంతెన పని వానల లోపు ముగుస్తుందన్నావు, సంతోషం. నువ్వడిగిన వాటికి వరసగా జవాబు రాస్తాను. ఒక్కదానికి మాత్రం చివర్లో. ముందే చెబుతున్నాను, అది చదివి కంగారు పడాల్సిన పని లేదు.

మీ ఆవిడ ఇద్దరికి సరిపడా తింటోందా అని అడిగావు. మొదట్లో నేనూ అలాగే అనుకుని కంచంలో రెండింతలు వడ్డించాను. అమ్మాయి నాకు ఎదురు చెప్పలేక, నేను వంటింట్లోకి వెళ్లగానే సగం మామయ్య కంచంలోకి తోసేది. ఆయన కిక్కురుమనకుండా తినేవారు. ఆ గుండీలు ఎందుకు ఊడాయో ఇప్పుడు అర్థమైందా? డాక్టరమ్మని అడిగితే నవ్వి, "రెండింతలెందుకమ్మా, మంచి తిండి వేళకు పెట్టండి, మామూలుకంటే కాస్త ఎక్కువైతే చాలు" అంది. మీ నాన్న కంచం కూడా మామూలుకొచ్చింది. ముఖం ఇంకా రాలేదు.

చేతులెత్తి బట్టలు ఆరేస్తే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందని మీ క్యాంపు వంటాయన అన్నాడట. అదీ అడిగాను. తల్లి చేతులకీ ఆ పేగుకీ ఏ లంకే లేదట. బిడ్డ లోపల తిరిగేటప్పుడు ఒక్కోసారి దానంతట అదే చుట్టుకుంటుందట, చాలామందికి దానివల్ల ఇబ్బందే రాదట. ఆయన్ని తన కూరలో ఉప్పు చూసుకోమను.

అబ్బాయా, అమ్మాయా? మేడమీద ఉండే పిన్ని పొట్ట కిందికి దిగిందని మగపిల్లాడంది. పాలు పోసే ఆమె అదే పొట్ట చూసి ఆడపిల్లంది. నాకైతే ఇంకా పొట్టే సరిగా కనపడలేదు.

ఇక, తన ఉత్తరాల్లో కుట్టుమిషన్ ఊసే లేదేమని అడిగావే, ఆ సంగతి.

మూడో నెలలో అమ్మాయి బడిపిల్లల యూనిఫాంలు కుడుతోంది. "మిషన్ తొక్కితే కడుపు నిలవదక్కా, నాకు తెలిసినామెకి అలాగే పోయింది" అని మేడమీద పిన్ని నా చెవిలో వేసింది. మానెయ్యమంటే అమ్మాయి మానదు, పైగా నొచ్చుకుంటుంది. అందుకని తను స్నానానికి వెళ్లినప్పుడు మిషన్ తోలు బెల్టు ఊడదీసి బియ్యం డబ్బా అడుగుకి తోశాను. తెగిపోయింది, పారేశానన్నాను. కొత్తది మామయ్య తెస్తారన్నాను. మీ నాన్నకేమో తేవద్దని చెప్పాను.

పది రోజులయ్యాక ఒక పొద్దున అమ్మాయి స్నానాలగదిలోంచి పిలిచింది. కాస్త రక్తం కనపడింది. బండి పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపించాకే అందరం ఊపిరి తీసుకున్నాం.

"నేను మిషన్ తొక్కడం వల్లేనా డాక్టర్?" అని అడిగింది.

"ఎప్పుడు తొక్కావు?"

"బెల్టు తెగి పది రోజులైందండీ."

"ఆగిపోయిన మిషన్ నిన్నేం చేస్తుంది? తొక్కినా ఏం కాదమ్మా. మొదటి నెలల్లో కొందరికిలా కనపడుతుంది, చాలామందికి సర్దుకుంటుంది. నువ్వు చేసిన పని వల్ల వచ్చింది కాదిది. కనపడగానే వచ్చారు, అదే మంచి పని. మళ్లీ కనపడినా ఇలాగే వచ్చెయ్యండి."

పక్కనే నిలబడి చేతిసంచి పట్టీ నలుపుతున్నాను.

ఇంటికొస్తే భయం పోతుందనుకున్నాను. పోలేదు, చోటు మార్చుకుంది. మిషన్ కాకపోతే మెట్లు. మెట్లు కాకపోతే ఎప్పుడో తిన్న బొప్పాయి ముక్క. మంచం దిగడం మానేసింది. నీకు రాస్తే పని వదిలేసి పరిగెత్తుకొస్తావని రాయొద్దంది. నేనూ సరేనన్నాను. మొన్నటి పరీక్షలో అంతా బాగుందని, లేచి తిరగమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అయినా నిన్నంతా గోడకేసి తిరిగి పడుకుంది.

"ఏం కాదని మీరూ అంటారు అత్తయ్యా. మిషన్ మీద దుప్పటి కప్పింది మాత్రం మీరే" అంది.

ఈ పొద్దున బియ్యం డబ్బా ఒంపేసి, బెల్టు దులిపి, తన ఒళ్లో పెట్టి జరిగిందంతా చెప్పాను. బెల్టు వంక చూసింది. నా వంక చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అన్నం చెప్పుల వాసనొస్తోందంటే వేవిళ్లన్నారు కదా మీరు!"

"అన్నాను."

"మామయ్య కూడా వస్తోందన్నారు!"

"ఆయనకీ వేవిళ్లేమో అన్నాను."

కడుపు పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లయిందిరా ఆ నవ్వు విని! నవ్వుతూనే ఏడ్చింది. "నా వల్లే అయిందని మీరు అనుకుంటున్నారనుకున్నాను అత్తయ్యా."

"భయపడ్డానే తల్లీ, అంతే. నీకంటే ఎక్కువ భయపడ్డాను. తప్పు నీదని అనుకోలేదు."

కాసేపు బెల్టుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత తనే మంచం దిగి, దుప్పటి లాగేసి, "మీరు తగిలిస్తే వెనక్కి కుడుతుంది, ఇటివ్వండి" అని తనే తగిలించింది. ముందు బియ్యానికి మంచి గుడ్డసంచి కుడుతుందట, ఆ డబ్బాని ఇక నమ్మదట.

ఇది రాస్తుంటే ముందుగదిలో మిషన్ చప్పుడవుతోంది. మధ్యమధ్యలో ఆగి, కిటికీ దాకా నడిచొచ్చి మళ్లీ కూర్చుంటోంది. ఆ చప్పుడుకి మేడమీద పిన్ని గుండె పట్టుకుని దిగొచ్చింది. "డాక్టరమ్మే తొక్కమంది, నువ్వూ కూర్చో, దారాలు కత్తిరించు" అన్నాను. కూర్చుంది కూడా.

నువ్వు సెలవు పెట్టి రావద్దు. వంతెన ముగించుకునే రా. ఈసారి వంటాయన మాటలు రాయకు, వంతెన ఎంతవరకు లేచిందో రాయి. తను కుడుతుంటే నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ అమ్మ.

అమ్మాయికి నేను పడిన బాకీ: మిషన్ బెల్టు ఒకటి. ఈరోజు ముట్టింది. చెల్లు.