వెనక స్ప్రింగుల సంగతి

గోదావరిఖని,
గురువారం

యమునకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కార్డు వేస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. ఈ వారం ఫస్ట్ షిఫ్టు.

పెద్దపల్లి పెళ్లికి పోతుంటే కారు కింద తగులుతుందని స్పీడ్ బ్రేకర్ దగ్గర అత్తమ్మను దిగి నడవమన్నాను కదా. మీరంతా దిగి అటు నుంచి అటే మీ అమ్మగారింటికి బస్సెక్కారు. అందుకని వెనక గట్టి స్ప్రింగులు వేయించి కారు ఎత్తు పెంచుదామని నిన్న మెకానిక్ ఉజైర్ దగ్గరికి పోయాను.

అతను కారు చుట్టూ తిరిగి చూసి, "నిండుగ కూసుంటెనే ఇవి మంచిగుంటయి అన్నా. ఖాళీ బండికి ఏస్తే గుంత గుంతకు ఎగిరి నీ నడుం పోతది. ఎనక ఎంతమంది కూసుంటరో చెప్పు, ఏస్త" అన్నాడు. స్ప్రింగులు వేయించకుండానే కారు తిప్పుకొచ్చాను.

కుక్కర్ రబ్బరు ఎక్కడ పెట్టావు? రుత్విక్ ఎందుకు రావడం లేదని బడిలో అడిగారు, జ్వరమని చెప్పాను. కూలర్‌కు కొత్త గడ్డి పెట్టించాను.

పిల్లలు జాగ్రత్త. అత్తమ్మకు దండం పెట్టానని చెప్పు. ముందు సీటు ఇక ఆమెదే. వెనక ఎంతమందో నువ్వు రాయి, ఉజైర్‌కు చెప్పాలి.

సదయ్య