సూది గుచ్చి చూశాను

చిరంజీవి పెద్దమ్మాయికి, అమ్మ దీవించి రాస్తున్నది. నాన్నా నేనూ తింటున్నాం, తిరుగుతున్నాం. క్షేమం అన్న మాట రాద్దామంటే మాత్రం చెయ్యి రావడం లేదు. నువ్వూ అల్లుడుగారూ చల్లగా ఉండాలి.

చెల్లి పోయాక దాని బట్టలు ఏం చేశావని అడిగావు. మెత్తటి నూలు చొక్కాలు రెండు ఉంచుకున్నాను. దాని ఒళ్ళు ఓర్చింది వాటినే కదా. పరుపులు కుట్టే షెడ్డులో నా పక్కన అది కూర్చున్న మిషను ఇంకా ఖాళీగానే ఉంది.

నీ ఉత్తరంలో ఒక ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. నీకూ ఒళ్ళంతా మంటలనీ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నావనీ, అల్లుడుగారు "మీ ఇంట్లో అందరిదీ ఇదే నాటకమా?" అన్నారనీ రాశావు. ఇక ఎవరికీ చెప్పనులే అమ్మా అన్నావు. వద్దు తల్లీ, నోరు కట్టుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చెల్లికీ అంతే కదా. రక్తం పరీక్షలన్నీ బాగున్నాయన్నారు. షెడ్డులో వాళ్ళు "మహారాణిగారికి దూది కూడా గుచ్చుకుంటుందట" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఒకటుంది. ఒక మధ్యాహ్నం అది నిద్రపోతుంటే పరుపులు కుట్టే సూదితో దాని పాదం మీద గుచ్చి చూశాను. ఉలకలేదు, పలకలేదు. సూదికి రాని నొప్పి దుప్పటికి వస్తుందా అనుకున్నాను. లేపి, "దొంగా, దొరికావే!" అన్నాను. అది పాదం మీది రక్తపు చుక్క చూసుకుంది. "నువ్వు కూడానా అమ్మా?" అంది. అంతే. ఆ తర్వాత ఒంట్లో ఏ బాధా నాతో అనలేదు. నెమ్ము పట్టి జ్వరం కాల్చేస్తున్నా, "బానే ఉన్నానమ్మా" అంటూ మిషను తొక్కింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే చేయి దాటిపోయింది.

అది పోయిన వారానికి, అంతకుముందు నరాల ఆసుపత్రిలో దాని చీలమండ పైన మిరియపు గింజంత చర్మం తీసి చేసిన పరీక్ష కాగితం వచ్చింది. అక్కడి డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్ళునొప్పుల జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి చర్మంలోని సన్న నరాలు పలచబడతాయమ్మా. సూది తెలియని చోటే మంట పుట్టొచ్చు. మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదు."

ఆ కాగితం ఇక ఎవరికి చూపించను?

నువ్వు రేపే నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళు. పరీక్షలో ఏమీ తేలకపోయినా నీ నొప్పి నొప్పే. నేను నమ్ముతాను. ఈ ఉత్తరం దాచకుండా అల్లుడుగారికి చదివి వినిపించు. మా అత్త ఇంత రాక్షసా అనుకుంటే అనుకోనీ. నీ మాట నమ్మితే నాకంతే చాలు.

ఇట్లు,
చిన్నదాని మాట నమ్మని మీ అమ్మ