సీడీల మిషన్, సోమవారం వాయిదా

జూలై 8, మంగళవారం

తిరువళ్ళూరు కోర్టు. పెన్‌డ్రైవ్ తీసుకోరట. సీడీలే కావాలి, ప్రతివాదులకు తలా ఒకటి. కేసు నంబరు సీడీ మీదే అచ్చు పడాలి, స్టిక్కర్ అంటిస్తే ఒప్పుకోరు. సోమవారం వాయిదా. ఆ రోజు చేతికివ్వకపోతే కేసు నెలలు వెనక్కి. ఆలోపు ఆరణి ఏట్లో ఇసుక మిగలదు.

కేసు వేసింది మునిరత్నం మామ. ఏట్లో ఇసుక పోయి ఆయన బావి ఇప్పటికే ఎండింది. ఇసుక లారీల వీడియో తీసింది నేను.

"ప్రతివాదులు ఎంతమంది మామా?"

"లారీ ఉండే ప్రతివాడూనప్పా!"

జూలై 9, బుధవారం

తిరుత్తణి. సుబ్రమణి బావ స్టూడియో. ఒకప్పుడు పెళ్ళి సీడీలు కట్టలుగా వేసిన మిషన్. దాని చెయ్యి కిందికి దిగి, దొంతరలోంచి ఖాళీ సీడీ ఎత్తాలి, వీడియో ఎక్కించాలి, మీద అచ్చు వేయాలి. ఇప్పుడు దిగుతుంది, ఎత్తుతుంది... ఆగిపోతుంది. తెర మీద 'డిస్క్ లేదు'. డిస్క్ చేతిలోనే వేలాడుతోంది.

"అమ్మ ఊర్నుంచి వచ్చినప్పట్నుంచి ఇదే గోల. ముసల్ది అయిపొయ్యింది."

"ఎవరు బావా?"

"మిషన్ రా! అమ్మ వింటే చంపుతాది."

కంపెనీకి ఫోన్. మోడల్ పేరు చెప్పగానే అవతలి అమ్మాయి నవ్వింది. విడిభాగాలు లేవు.

సీడీలు మార్చాం — లేదు. పట్టుకునే రబ్బరు అరిగిందని బావ సైకిల్ ట్యూబు కోసి వేశాడు — లేదు. విసుగెత్తి, మిషనంతా తడిగుడ్డతో తుడిచి మూత వేశాడు.

జూలై 10, గురువారం

నడిచింది. పరీక్షకు పెట్టినవన్నీ వచ్చాయి.

"సైకిల్ ట్యూబు! చూసినావా రిపోర్టరూ?"

నమ్మబుద్ధి కాలేదు. ఆ ట్యూబు నిన్న కూడా ఉంది. కేసు నంబరు లాయర్ రేపు ఇస్తాడట.

జూలై 11, శుక్రవారం

నంబరు వచ్చింది. మిషన్ ఆగింది. 'డిస్క్ లేదు.'

మామ ఫోన్ — "అయ్యేదేనా అప్పా? కాకుంటే ఇప్పుడే చెప్పు. సుమ్మా, ఊరికే ఆశ పెట్టొద్దు."

రేపు చెప్తానని పెట్టేసి, మళ్ళీ మీట నొక్కాను.

జూలై 12, శనివారం

తెలిసినవి: బుధవారం తుడిచాం. గురువారం నడిచింది. శుక్రవారం ఆగింది. మధ్యలో మిషన్‌ను ముట్టింది ఎవరు?

"నేను ముట్టలే."

"ఇంకెవరు?"

"ఎవురూ లే. నిన్న పొద్దున అమ్మ పూజ చేసింది, అంతే."

చూశాను. గల్లాపెట్టెకు బొట్టు. కెమెరాకు బొట్టు. మిషన్ చేతికి ముందువైపు గోరంత నల్ల గాజు బిళ్ళ — దాని మీద గంధం, గంధం మీద కుంకుమ. మా ఇంట్లో బండికీ ప్రతి శుక్రవారం ఉండేదే. అందుకే కంటికి ఆనలేదు. సీడీ ఉందో లేదో మిషన్ చూసుకునేది ఆ గాజులోంచే.

అత్తను పిలిచాం.

"నుదురు మాదిరి ఉండాదే! ఆడ కాకుంటే యాడ పెట్టేది?"

"అది కన్ను అత్తా."

"అయ్యో సామీ... కన్ను మూస్తినా! ముందే చెప్పకూడదారా?"

బావ తల పట్టుకున్నాడు — "కండ్లు మూసుకోని, డిస్క్ యాడరా అని నన్ను అడగతా ఉందే ఇన్నాళ్ళూ!"

స్పిరిట్, దూది. మీట నొక్కాను. దిగింది. ఎత్తింది. పెట్టింది. మొదటి సీడీ బయటికి — కేసు నంబరు తేటగా, నల్లగా. రెండోది. మూడోది. బావ ఈల. అత్త దిష్టి తీసింది — "దూరం నుంచే తీస్తాలే, అరవొద్దండి." కొత్త బొట్టు మూత మీద.

చీకటి పడకముందే అన్నీ అయ్యాయి.

జూలై 13, ఆదివారం

ప్రతిదీ వేసి చూశాను. అన్నింటిలో లారీలు కదులుతున్నాయి. నంబరు ప్లేట్లు చదవొచ్చు.

జూలై 14, సోమవారం

అవతలి లాయర్ లేచాడు. "మాకు కాపీ..." సీడీ ఆయన బల్ల మీద ఉంది. కూర్చున్నాడు.

కేసు తేలేదాకా ఏట్లోకి లారీ దిగకూడదు — ఉత్తర్వు.

మెట్ల మీద మామ తువ్వాలు విదిలించి — "ఇంగ దిగమను లారీని!" అందరూ తిరిగి చూశారు. ఇంకోసారి అన్నాడు. బావకు ఫోన్ చేస్తే ఫోన్ అత్త ఎత్తింది: "గెలిచింది మిషనా, మీరా?"

జూలై 15, మంగళవారం

ఆరణి. ఉదయం. లారీ లేదు. ఏట్లో మనిషి లోతు గుంతలు.

మామ తన బావిలో రాయి వేశాడు. పొడి చప్పుడు.

"నీళ్ళు ఎప్పటికి వస్తాయప్పా?"

తెలియదన్నాను. ఆయన వంగి ఇంకో రాయి తీసుకున్నాడు...