విచారణ గదిలోకి మా నాన్న రాడు

అన్నయ్యా,

నువ్వు అడిగిన క్షమాపణ ఈ ఉత్తరంలో లేదు. ఆట మధ్యలో లేచి వెళ్ళినందుకు నాకు సిగ్గుగా కూడా లేదు.

బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రయి కథ అల్లుకునే మన శనివారం ఆటలో నేను రెండు దేశాలకూ పనిచేసే గూఢచారిని. ఆ పాత్ర అంటే నాకు ప్రాణం. ఆట నడిపేవాడివి కనుక నన్ను కుర్చీకి కట్టేయించు, నా రహస్య లిపి అంతా విప్పించు, కావాలంటే ఉరి తీయించు, కిక్కురుమనను. కానీ మొన్న విచారణాధికారి గొంతు పెట్టి, "మీ నాన్న ఇల్లొదిలి ఎందుకు పోయాడో చెప్పవే" అన్నావు. ఆ గూఢచారికి నాన్న లేడు. నాకున్నాడు. సొంత అన్నవి కాకపోయినా అన్నయ్యా అని పిలుస్తాను కనుక, ఆ సంగతి నేను మేడమెట్ల మీద కూర్చుని నీ ఒక్కడికే చెప్పుకున్నాను. మిగతావాళ్ళు అదీ కథే అనుకుని చప్పట్లు కొట్టారు.

అలాంటివి ఆటలోకి తేవద్దంటే, "హద్దులు పెడితే ఇంక ఆటేముందే, పిచ్చిమొహమా!" అన్నావు. గళ్ళు లేని చదరంగంలో గుర్రం ఎటు దూకుతుంది? హద్దు అన్న రెండక్షరాలకే అంత భయమా?

ఈ శనివారం వస్తాను. నా కుర్చీలోనే కూర్చుంటాను. బల్ల మధ్యలో ఎర్ర అట్టముక్క ఒకటి పెడతాను. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ సన్నివేశం అక్కడే ఆగాలి, కారణం అడగకూడదు. సేనాపతి వేషం వేసే నీ స్నేహితుడికి ఈ మాట చెబితే, "హమ్మయ్య, కథలో ఆస్పత్రి గదులు వచ్చినప్పుడల్లా నాకు లేచి పారిపోవాలనిపిస్తుంది" అన్నాడు.

ఇష్టం లేకపోతే ఆట నువ్వు మానుకో. నేను మానను. నేను ద్రోహం చేయాల్సిన దేశం ఇంకొకటి మిగిలే ఉంది.

చెల్లెలు