నడిమి పలక

సెప్టెంబర్ 19, సోమవారం

చెల్పూర్ పని ఖాయమైంది. ఇంజినీర్ల క్వార్టర్‌లో వంటగది సొరుగులు. వానలకు చెక్క ఉబ్బి, లాగితే రావడం లేదట. సొరుగు జారడానికి ఇనుప ఛానెళ్లు బిగించాలి. మామ పొద్దున్నుంచి మూడుసార్లు ఉలి నూరాడు.

మా ఆయన దీక్షా శిబిరంలో. తెలంగాణ కోసం సమ్మె అయ్యేదాకా రంపం ముట్టడట. అత్తకు మోకాళ్ల నొప్పి. సామాను అందించడానికి ఇక నేనే.

"కోడల్ని తోల్కపో. నోట్లె నాలుక లేని పిల్ల. పనికి అడ్డం రాదు" — అత్త.

మంచిగానే అంది.

20, మంగళవారం

బస్సులు లేవు. భూపాలపల్లి నుంచి ఆటోలో.

పెళ్లయి రెండేళ్లు. మామతో ఇంతవరకు ఒక్క మాట లేదు. మా ఇంట్లో కోడళ్లు మామతో మాట్లాడరు. ఏదైనా ఉంటే అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్తుంది. ఇక్కడ అత్త లేదు. ఆయన గోడకేసి చూసి "సుత్తె" అంటాడు. నేను కొంగు సర్దుకొని సుత్తె నేల మీద పెడతాను. చేతికి ఇవ్వను. అట్లాగే పని నడుస్తోంది.

క్వార్టర్ మేడం కోస్తా ఆమె. మంచి కప్పులోనే టీ ఇచ్చింది. "సొరుగులు మాత్రం కొయ్యద్దండీ. మొన్ననే కొత్త సన్‌మైకా వేయించాం. ఛానెల్ పట్టేట్టు లోపలి పక్కలే సర్దండి. పని నచ్చితే మా వరసలో ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి, అందరికీ చెప్తాను."

మామ భుజాలు నిటారుగా అయ్యాయి. ఆ ఎనిమిది ఇళ్లు వస్తే మా ఆయన హైదరాబాద్ ఫర్నిచర్ షాపుకు పోనక్కరలేదు.

సాయంత్రం, ఖాళీ అర వెడల్పు చూద్దామని టేపు తీశాను. ఊరికే. ఆరో తరగతి దాకా చదివాను, అంగుళాలు తెలుసు.

మామ గోడతో — "టేపు ఆడోళ్లకెందుకు? చీరెలు కొలుస్తరా?"

మేడం పకపకా నవ్వింది. టేపు కింద పెట్టేశాను. ఇంటికి వచ్చేదాకా చెవులు మండుతూనే ఉన్నాయి.

21, బుధవారం

ఎడమ సొరుగు అయింది. ఎంత అందంగా చేశాడో. పక్క పలకలో అరంగుళం లోతు గాడి, రెండు సొరుగుల నడిమి పలకలో అరంగుళం లోతు గాడి. ఛానెల్ అందులో కూర్చుంది. వేలు పెట్టి తోస్తే సొరుగు జారి పోయింది. మేడం పదిసార్లు లాగి చూసింది.

"మీ చేతిలో ఏదో ఉందండీ!"

మామ తల దించుకొని నవ్వాడు. ఆయన నవ్వు అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

రేపు కుడి సొరుగు.

కుడి వైపు అరలోంచి గిన్నెలు తీసింది నేనే. చెయ్యి లోపలిదాకా పోయింది. నడిమి పలక తగిలింది. పల్చగా ఉంది. ముందు నుంచి చూస్తే రెండు వేళ్ల మందం... అది ముందు కొట్టిన పట్టీ. లోపల అంత లేదు. మామ నలభై ఏళ్లు టేకులో పని చేశాడు. టేకులో ముందు ఎంత కనిపిస్తే లోపలా అంతే. ఇది ప్లైవుడ్.

ఆయన చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు టేపు పెట్టాను. ముప్పావు అంగుళం.

ఈ వైపు అరంగుళం పోయింది. రేపు ఆ వైపు అరంగుళం. అదే ఎత్తులో.

బడి లెక్క. నాకు వచ్చిన లెక్క.

ఇంటికి వస్తే అత్త పక్కింటామెతో, "ఎనిమిది ఇండ్లట! మా ముసలాయిన చెయ్యి చూసి మేడం పరేషానైందట!" మామ గడప మీద కూర్చొని వింటున్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. అత్తకు చెప్పలేదు.

22, గురువారం

ఉలి అవతలికి వచ్చింది.

నాలుగో దెబ్బకే. మామ ముందు నమ్మలేదు. వేలు పెట్టి చూశాడు. వేలు ఎడమ సొరుగు ఛానెల్‌కు తగిలింది. అంతలో పలక నిలువునా చీలింది. దాని మీద నిలిచిన అర వంగి, స్టీలు డబ్బాలు ఒక్కొక్కటే జారి... చివరి డబ్బా గడప దాకా దొర్లింది. దాని మూత తిరుగుతూ తిరుగుతూ ఎంతకీ ఆగలేదు.

మేడం పరుగున వచ్చింది.

"అయ్యయ్యో! నిన్న అంత బాగా చేశారు కదండీ... రాష్ట్రం కావాలి, రాష్ట్రం కావాలి అని రోజూ రోడ్డెక్కుతారు. ముందు ఓ సొరుగు పెట్టడం నేర్చుకోండి."

మామ లేచి నిలబడ్డాడు. "తప్పైంది, అమ్మా." ఆమె వినలేదేమో అని ఇంకోసారి అన్నాడు. "తప్పైంది."

ఆయన చేతికి నెత్తురు. నేను గుడ్డ చించి నేల మీద పెట్టాను. అప్పుడు కూడా నేల మీదే.

23, శుక్రవారం

మామ తినలేదు.

24, శనివారం

మా ఆయనకు తెలిసింది. చెప్పులు విప్పకుండానే అరిచాడు.

"గంత మాటంటదా? శిబిరంల చెప్త. పది మందిమి పోయి అడుగుతం!"

"ఏమని అడుగుతవ్‌రా?" — మామ. రెండు రోజుల్లో అదే మొదటి మాట. "పలక పగలగొట్టింది నేను. ఆమె కాదు."

"నీ పనిని అంటే ఊకోవచ్చు బాపు. మనందర్ని కలిపి అన్నది."

"నేను మంచిగ చేస్తె ఎవల్ని అనేది?"

అత్త దిష్టి తగిలిందని మిరపకాయలు తీసింది. పక్కింటామె వైపు చూస్తూ తీసింది.

"దిష్టి లేదు, ఏం లేదు. కండ్లు పోయినయ్. సామాను ఎవలికన్న ఇచ్చేస్త" అన్నాడు మామ.

కళ్లు పోలేదు. నాకు తెలుసు. తలుపు వెనక నిలబడి విన్నాను.

25, ఆదివారం

రాసినదంతా మళ్లీ చదివాను. మామతో మాట్లాడకూడదు, అందుకే చెప్పలేదు — అట్లా అర్థమయ్యేట్టు రాసుకున్నాను.

నిజం అది కాదు.

టేపు ఆ పలక మీదే వదిలేయవచ్చు. అత్తకు చెప్పవచ్చు. మేడంకైనా చెప్పవచ్చు. దగ్గినా ఆయన ఆగేవాడు.

చీరెలు కొలుస్తరా అన్నాడు కదా. ఆమె ముందు అన్నాడు కదా. చూడనీ, అనుకున్నాను. ఒక్క నిమిషం కాదు. ముందురోజు సాయంత్రం నుంచి మర్నాడు ఉలి దిగేదాకా. బియ్యం ఏరుతూ అనుకున్నాను, ఆటోలో అనుకున్నాను. ఒక్క పలకే కదా అనుకున్నాను. పలక మీద ఏం నిలిచి ఉందో అనుకోలేదు.

ఇది చదివితే మా అమ్మ నన్ను తరిగొప్పులలో పుట్టింటి గడప తొక్కనివ్వదు.

26

ఏమీ రాయబుద్ధి కాలేదు.

27, మంగళవారం

సమ్మె కోసం రోడ్డు మీద వంటా వార్పు. వీధి వీధంతా పొయ్యిలు పెట్టింది. అత్త నన్ను పంపింది. "పో. నలుగుట్ల కలువు."

ఆడవాళ్లందరూ జై తెలంగాణ అన్నారు. నేను గంటె తిప్పుతూ పెదవులు కదిపాను. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది. "గట్టిగనవే పిల్లా! అన్నం ఉడుకుతలేదా, గొంతు ఉడుకుతలేదా?"

అన్నాను. గట్టిగా. మళ్లీ అన్నాను. అందరూ ఆగాక కూడా నాది ఒక్కటి వినిపించింది. నవ్వారు.

ఇంత గొంతు ఉంది నాకు. ఉండీ...

సాంబారు అడుగంటింది. నా పొయ్యిదే.

29, గురువారం

రెండు రోజులుగా కళ్ల ముందు ఆ సొరుగే. ఒకటి తోచింది. సన్‌మైకా ఉన్నది ముందు పలకకే. వెనక పెట్టె వేరు. పెట్టెను ఒక్క అంగుళం సన్నం చేస్తే అటు అరంగుళం, ఇటు అరంగుళం — ఛానెల్ పడుతుంది. గాడే అక్కరలేదు. ముందు పలక అట్లాగే ఉంటుంది, మేడంకు తేడా తెలియదు. నడిమి పలక మాత్రం కొత్తది వేయాలి.

పాత క్యాలెండర్ కాగితం వెనక గీశాను. మూడుసార్లు చెరిపాను. కొలతలు వేశాను. మామ సంచిలో ఉలి మీద పెట్టి వచ్చాను.

30, శుక్రవారం

మామ సంచి తెరిచాడు. సామాను ఎవరికైనా ఇచ్చేయడానికే తెరిచాడేమో. కాగితం వాకిట్లో వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఇది గీసింది ఎవలు?"

"నాకేం ఎర్క? నీ కొడుకేమో" — అత్త.

"వాడు గీస్తె గీత వంకర పోతది."

తర్వాత వంటగది గడప దగ్గరికి వచ్చాడు. లోపలికి చూడలేదు. నేను పిండి కలుపుతున్నాను. గోడతో కాదు, తలుపుతో కాదు — నాతో అన్నాడు.

"నడిమి పలక ముప్పావు అని రాసి ఉన్నది. పలిగినంక మనం మల్ల ఆ ఇంటికి పోలే. ఎప్పుడు కొలిచినవ్, బిడ్డా?"

పిండిలో నా చెయ్యి ఆగిపోయింది.

ఆయన నిలబడ్డాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగిన మనిషిలా నిలబడ్డాడు. అత్త ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

నేను పైకి చూడలేదు.

చివరికి ఆయనే అన్నాడు. "రేపు పొద్దుగాల చెల్పూర్ పోతున్న. మేడం రానిస్తదో, ఎల్లగొడ్తదో. కొత్త పలక నా ఖర్చే అని చెప్త. నువ్వొస్తె టేపు నువ్వే పట్టాలె."

అక్టోబర్ 1, శనివారం

స్నానం అయింది. పలక కోసి గోనెలో చుట్టి పెట్టాడు. నేనూ బయల్దేరుతున్నాను.

చెప్పాల్సింది ఒకటే మాట. ముందే. ముందే కొలిచాను. పొయ్యి దగ్గర మెల్లగా అని చూశాను. వచ్చింది. రెండోసారి రాలేదు.

చెల్పూర్ అరగంట దారి. దారిలో మళ్లీ అడుగుతాడేమో అని నిన్నంతా భయం. ఇప్పుడు వేరే భయం. అన్నీ అర్థమై, ఇక అడగడేమో.