ముప్పై ఆరు అక్షరాలు

ఉముజారా, ఫిబ్రవరి 9

ప్రియమైన ఒయిరిదియా,

నవ్వితే నవ్వు గానీ, నేను చదువులో పడ్డాను. మా కోడలు ఎజిన్నే చర్చి వెనక గదిలో ఆడవాళ్లకు మన ఇగ్బో భాష అక్షరాలు నేర్పుతోంది. మొత్తం ముప్పై ఆరు. ‘గ్బ’, ‘క్ప’ ఒక్కోటీ ఒక్క అక్షరమేనట. "పెదాలు మూసి ఒక్కసారే వదలండి అత్తయ్యా" అంటుంది. అరవై ఏళ్లుగా పలుకుతున్న మాటలే, కాగితం మీద చూస్తే నోరు తిరగదు! ‘ఒ’ కింద చుక్క మరిచిపోతే పదిసార్లు రాయిస్తుంది, రాక్షసి. ఈ ఉత్తరం రాస్తున్నదీ అదే, ఆ మాట కూడా రాయమన్నాను.

ఎందుకీ చదువంటావా? పోయిన ఏడు, ఎక్కడున్నా ఊరి కోడళ్లంతా వచ్చి చేరే ఆగస్టు సభలో, సంతలో పాక వెయ్యడం గురించి మాట్లాడబోయాను. కార్యదర్శి అడాకు నియమాల పుస్తకం పైకెత్తి, "విధవలు వెనక బల్ల మీద కూర్చోవాలి, నోరెత్తకూడదు. ఇందులో ఉంది" అంది. మా ఆయన పోయిన ఈ నాలుగేళ్లూ నా నోటికి తాళమే. ఆ నియమం నా కళ్లతో నేను చదవాలి.

నీ ఉకమాక

ఒనిత్షా, మార్చి 2

నా బంగారు ఉకమాకా,

ఈ వయసులో నీకెందుకే పలకా బలపం? అడాకుకి ముందు తొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఆ పుస్తకం నా చేతిలోనే ఉంది కదా. ప్రతి ఆగస్టులో నేనే చదివాను. ఆ నియమం ఉంది. నలుగురిలో నవ్వులపాలు కాకు.

మా ఆయన మంచం దిగడం లేదు. ప్రార్థన చెయ్యి.

నీ ఒయిరిదియ

ఉముజారా, ఆగస్టు 21

ఒయిరిదియా,

మీ ఆయన అంత్యక్రియలప్పుడు ఈ మాట ఎత్తలేకపోయాను. మైలలో ఉండి నువ్వు సభకు రాలేదు, అందుకే రాస్తున్నాను. నా చేత్తోనే!

అడాకు మళ్లీ పుస్తకం ఎత్తింది. వెనక బల్ల నుంచి లేచి వెళ్లి, "ఇలా ఇవ్వమ్మా" అని తీసుకున్నాను. మొదటి పేజీ నుంచి కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను. "పొద్దుపోయేదాకా చదువుతావా ఏంటి?" అని ఎవరో అరిచారు. "చదువుతాను. నాలుగేళ్లు నేను నోరు మూసుకున్నాను, ఒక్కపూట నువ్వు మూసుకో" అన్నాను. పదకొండు పేజీలు. ఆలస్యంగా వస్తే జరిమానాగా సబ్బులివ్వాలి, పురుడొచ్చిన ఇంటికి కట్టెలు మొయ్యాలి. విధవల ఊసే లేదు! అడాకు మొహం పాలిపోయింది. "నేనెప్పుడూ తెరిచి చూడలేదు. ఒయిరిదియ అక్క చెప్పిందే చెప్పాను" అంది. మేం విధవలం పద్నాలుగు మందిమి పాడుతూ, గెంతుతూ వెళ్లి ముందు బల్లల మీద కూర్చున్నాం. సంత పాకకు కూడా అందరినీ ఒప్పించాను.

తొమ్మిదేళ్లు నువ్వేం చదివావే?

ఉకమాక

ఒనిత్షా, సెప్టెంబరు 30

ఉకమాకా,

నాకు చదవడం రాదు. నా ఉత్తరాలన్నీ మనవరాలు రాసిపెట్టినవే, ఇది కూడా. కార్యదర్శిని చేసినప్పుడు ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది. అంతకుముందు సభల్లో చదవగా విన్నవి బట్టీపట్టి, పుస్తకం తెరిచి అప్పజెప్పాను. విధవల మాట మా అత్తగారు ఇంట్లో అంటుండేది. అదీ కలిపేశాను. అప్పుడు నాకు మొగుడున్నాడు, ముందు బల్ల నాది, వెనక ఎవరు ఏడిస్తే నాకేం అనుకున్నాను.

మనవరాలి దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. పదిహేడు వచ్చాయి.

నువ్వు గెలిచావే. వచ్చే ఆగస్టులో విధవగా నేనూ ముందు బల్ల మీద కూర్చుంటాను. నువ్వు తెచ్చిన హక్కుతోనే లేచి నిలబడి, ఆ అబద్ధం నాదేనని అందరికీ చెబుతాను.

నీ పక్కన చోటు ఉంచమని అడిగే,
ఒయిరిదియ