అలమారలో ఉప్పు

నవంబరు, ఆదివారం. పుంగనూరు.

అలమారలో బూజు గీకి గీకి చేతులు లాగేస్తున్నాయి. మొన్న మదనపల్లె ఆఫీసులో పక్క సీటు సుజాత మేడం నవ్వుతూ, "ఏం పాపా, తడి చీరే కట్టుకోనొచ్చినావా?" అంది. మా ఇంట్లో చదువుకుని ఆఫీసుకు పోయే మొదటి మనిషిని. అక్కడ బూజు వాసనతో గుర్తుండిపోతే ఎలా?

అందుకే ఇవాళ గోడ అలమార ఖాళీ చేశాను. పాత రాతి గోడ. లోపల చెయ్యి పెడితే చన్నీళ్లలో పెట్టినట్టుంది. బూజు గీకి, తుడిచి, వేపాకు పొగ వేశాను. కింది అర మూలలో ఒక గిన్నె దొరికింది. నిండా నీళ్లు, అడుగున కరుగుతున్న రాళ్లుప్పు.

"దిష్టికి నేనే పెట్టినానమ్మా," అంది అమ్మ. "నువ్వు ఉద్యోగానికి పోతాండావు. ఊరి కండ్లన్నీ నీ చీరల మీదే ఉండాయి."

"ఉప్పు లాగేది గోడ చెమ్మనమ్మా, దిష్టిని కాదు."

"అన్ని నీళ్లు లాగినాదంటే సూడు, ఎంత దిష్టో!"

వాదించే ఓపిక లేదు. తలుపు తెరిచి ఉంచితేనే గోడ ఆరుతుందన్నాను. వచ్చేపోయేవాళ్లు చీరలు చూస్తారని అమ్మ మూసేసింది. నేను తెరిచాను, మళ్లీ మూసింది. చివరికి తన పాత చీర తెచ్చి, తెరిచిన అలమారకు అడ్డంగా కట్టింది.

"గాలి పోతాది, కండ్లు పోవు," అంది.

గోడ ఆరుతుందో లేదో. ఇందాక ఆ ముడి సరిచేద్దామని దగ్గరికి వెళ్తే అమ్మ చీరకీ అదే బూజు వాసన. ఇన్నేళ్లూ ఆ వాసనతోనే తిరిగింది. తడి చీర కట్టుకున్నావా అని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.